డబ్బులిచ్చి కొన్న పురుగులు

"డబ్బులిచ్చి పురుగులు కొన్నావటే?" అంది అమ్మ, విమానం దిగిన మర్నాడే. బియ్యంలో ఒక్క పురుగు కనబడితే డబ్బా మొత్తం ఎండలో ఆరబోసే మనిషి. మా గరాజ్‌లో మూడు ప్లాస్టిక్ డబ్బాల్లో, గోధుమ తవుడు నిండా మెసులుతున్న మీల్‌వర్మ్స్‌ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

మేముండేది నార్త్ కరోలినాలో, కేరీలో. పెరట్లో గూటిపెట్టె పెట్టిన రెండో ఏడు దాని చుట్టూ ఒక బ్లూబర్డ్ జంట తిరగడం మొదలుపెట్టింది. మగదాని వీపు నిండు నీలం, రొమ్ము ఇటుక రంగు. గింజలు వేస్తే ఏ పిట్టయినా వస్తుందనుకున్నాను. ఇవి గింజల వైపు కన్నెత్తి చూడలేదు. వీటికి కావలసింది పురుగులు.

మొదట ఎండబెట్టినవి కొని, నీళ్లలో నానబెట్టి పెట్టాను. ముట్టలేదు. ఆ శరదృతువులో పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లి, "జెయింట్" అని రాసి ఉన్న బతికున్న పురుగుల డబ్బా తెచ్చాను. వాటినే పెంచితే కొనే పని ఉండదని నా లెక్క. రెండు నెలలు క్యారెట్ ముక్కలు మేపాను. తిన్నాయి, కదిలాయి, అంతే. ఒక్కటీ ప్యూపా కాలేదు, అంటే బీటిల్‌గా మారే ముందు దశకి చేరలేదు. తర్వాత తెలిసింది, అలా లావుగా పెంచి అమ్మేవాటికి ఒక్కోసారి హార్మోన్ పెడతారట, పురుగు దశ దాటకుండా. డబ్బా మీద ఆ ముక్క ఎక్కడా లేదు.

ఫిబ్రవరిలో మామూలువి వెయ్యి తెప్పించాను. గుడ్డసంచిలో, నలిపిన న్యూస్‌పేపర్ మడతల్లో వచ్చాయి. సంచి చెవి దగ్గర పెట్టుకుంటే ఎండుటాకుల మీద సన్నటి చినుకులు పడుతున్నట్టు చప్పుడు. సగం ఫ్రిజ్‌లో పెట్టాను. 45, 50 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య అయితే నిద్రపోయినట్టు ఎదగకుండా ఉంటాయి. మిగతా సగం బట్టలుతికే గదిలో, వెచ్చగా. వాటికి మంచం, కంచం రెండూ ఆ తవుడే. నీళ్లు పోయకూడదు, ఆ తడి క్యారెట్ ముక్కలోంచే అందాలి.

మూడు వారాలకి ఒకటొకటిగా ప్యూపాలయ్యాయి. మీగడ రంగులో, కాళ్లు మడిచి పడుకున్నట్టుంటాయి. వేలితో తాకితే తోక మాత్రం టపటపా ఆడిస్తాయి. రోజు విడిచి రోజు చెంచాతో ఏరి వేరే డబ్బాలో వేయాలి, లేకపోతే మిగతా పురుగులే కొరికేస్తాయి. వాటిలోంచి వచ్చే బీటిల్ మొదట తెల్లగా ఉండి, గోధుమరంగుకి తిరిగి, కొద్దిరోజుల్లో నల్లబడుతుంది. అది పెట్టే గుడ్లు తవుడు అంటుకుని కంటికి కనబడవు. అందుకే రెండు వారాలకోసారి బీటిల్స్‌ని ఏరి కొత్త తవుడులోకి మార్చి, పాతది కదపకుండా వదిలేశాను. నెల దాటాక ఒక రాత్రి టార్చి వేసి చూస్తే తవుడు పైపొర తనంతట తానే సన్నగా వణుకుతోంది. పురుగు ఒక్కటీ కనబడలేదు, తవుడే కదులుతోంది!

ఏప్రిల్లో పుట్టిన బ్లూబర్డ్ మొదటి పిల్లలకి మాత్రం ఫ్రిజ్‌లో దాచిన కొన్న సరుకే దిక్కయింది.

అవి ఎగిరిపోయాక గూటిపెట్టెలో పిచ్చుక గడ్డి పేర్చడం మొదలెట్టింది. ఒకటిన్నర అంగుళం కంతలో అదీ పడుతుంది. బ్లూబర్డ్ గుడ్లు పగలగొడుతుంది, తల్లినీ పొడిచి చంపుతుంది. నేను గడ్డి లాగేస్తుంటే అమ్మకి కోపం వచ్చింది. మా అమ్మమ్మగారింట్లో వసారాకి పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చులు కట్టేవారు మరి. ఇది ఇక్కడి పిట్ట కాదమ్మా, 1851లో బ్రూక్లిన్‌లో తెచ్చి వదిలారు, దీని గూడు తీస్తే చట్టం కూడా ఏమీ అనదు, బ్లూబర్డ్ గూడు ముట్టుకుంటేనే తప్పు అని చెప్పాను. "మనం మాత్రం ఇక్కడివాళ్లమా?" అంది. జవాబు తోచలేదు. గడ్డి మాత్రం తీసేశాను.

జూన్‌లో ఉక్క మొదలైంది. డబ్బాలు అప్పటికి గరాజ్‌లోకి మారాయి. నేను క్యారెట్లు చాలక పుచ్చకాయ తొక్కలు వేశాను. గుమ్మం దాటి రానన్న అమ్మ అక్కణ్నుంచే, "ముక్క వాసన వస్తోంది, చూసుకో" అంది. ఒక డబ్బా అంచున పిండి రాలినట్టుంది. దగ్గరికెళ్లి చూస్తే ఆ పిండి పాకుతోంది. నుసిలాంటి మైట్స్. "తవుడులో తడి తొక్కలు వేస్తారా ఎవరైనా?" అని తిట్టి, జల్లెడ తెమ్మంది. ఆ డబ్బా పారేశాం. మిగతా రెండూ జల్లించి, ఓవెన్‌లో వేడిచేసి చల్లార్చిన తవుడు పోశాం. జల్లెడ కిందికి దిగిన ఇసుకలాంటి పెంట కరివేపాకు కుండీలో వేశాను.

రెండో విడత నాలుగు పిల్లలు. అప్పటికి మా పురుగులు సగమే ఎదిగాయి, కానీ పిల్లల నోటికి అవే సరిపోయాయి. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా, నున్నటి స్టీలు గిన్నెలో. ఆ గోడ ఎక్కి పారిపోలేవు. వీటిలో కాల్షియం తక్కువని పైన కాస్త కాల్షియం పొడి చల్లేదాన్ని. చెంచాతో గిన్నె మీద టింగుమని కొట్టడం అమ్మ పెట్టిన అలవాటు. వారం తిరక్కుండా ఆ చప్పుడుకి మగది కంచె మీదికొచ్చి వాలేది. నాలుగు పురుగులు ముక్కున పట్టుకుని, ఒకటి జారితే మళ్లీ అన్నీ కింద పెట్టి ఏరుకునేది.

ఇప్పుడు చలికాలం. పెద్దవన్నీ ఫ్రిజ్‌లో దోసెపిండి పక్కన ఉన్నాయి. వారానికో రోజు బయటపెట్టి క్యారెట్ వేసి, మళ్లీ లోపల పెడతాను. మొన్న భోజనానికి వచ్చినవాళ్లలో ఒకరు పచ్చడేమో అని మూత తీశారు. ఆ రాత్రే మా ఆయన డబ్బా మీద తెలుగులో, ఇంగ్లీషులో "తినేది కాదు" అని రాసి అంటించారు.