నాలుగించుల పైపులో యాపిల్: డిష్, ప్యానెళ్లు అయ్యాయి, బండి మిగిలింది

ఇస్రో తయారుచేసిన మన మొదటి ప్రయోగాత్మక సమాచార ఉపగ్రహం యాపిల్. దాని మోడల్‌కి స్కేలు నేను ఎంచుకోలేదు, హార్డ్‌వేర్ షాపే ఖరారు చేసింది. అసలు యాపిల్ ఒళ్లు 1.2 మీటర్ల వ్యాసం, 1.2 మీటర్ల ఎత్తు. బాత్‌రూమ్ డ్రైనేజీకి వేసే నాలుగించుల పీవీసీ పైపు బయటి వ్యాసం 110 మి.మీ. కాబట్టి స్కేలు దాదాపు 1:11. ఎత్తు కూడా 110 మి.మీ. దగ్గర కోసేస్తే ఒళ్లు తయారు.

పైపు వంకర పోకుండా తెగాలంటే చుట్టూ కాగితం బిగించి చుట్టి, అంచులు కలిసేచోట టేపు వేసి, ఆ అంచు వెంబడి గీత గీసుకోవాలి. హాక్సా బ్లేడు ఒకేచోట లోతుగా దింపకుండా పైపును తిప్పుకుంటూ కోయాలి. తర్వాత 220 నంబరు ఎమరీ పేపర్‌ను గచ్చు మీద పరిచి అంచును గుండ్రంగా రుద్దితే సమంగా వస్తుంది. నున్నటి పీవీసీకి రంగు సరిగా పట్టదు, అందుకే పైపు ఒంటిని కూడా కాస్త గరుకు చేసి ప్రైమర్ కొట్టాను.

అడుగున మోటార్ నాజిల్‌కి పాత ఫెవికాల్ సీసా మూతి కొన సరిపోయింది. ఈ మోటార్ సంగతి చెప్పుకోవాలి. యూరప్ వాళ్ల ఏరియన్ రాకెట్ యాపిల్‌ను మధ్యలో ఉండే బదిలీ కక్ష్య దాకానే తీసుకెళ్లింది. అక్కడి నుంచి భూమితో పాటే తిరిగే భూస్థిర కక్ష్యలోకి నెట్టింది మన మోటారే. శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ నాలుగో దశను మార్చి చేసినది. సీసా మూతే కదా అని ఊరుకోబుద్ధి కాక, లోపలి అంచుకి నల్ల రంగు వేశాను.

ఎక్కువ టైమ్ తిన్నది డిష్ యాంటెన్నా. అసలుది 0.9 మీటర్లు, మన స్కేల్లో 82 మి.మీ. ఎఫ్/డి (ఫోకస్ దూరానికీ వ్యాసానికీ నిష్పత్తి) 0.4 అనుకుంటే లోతు 13 మి.మీ. వస్తుంది. పారాబోలా అచ్చు చెక్కుతూ కూర్చునే ఓపిక నాకు లేదు. లెక్క వేస్తే 142 మి.మీ. వ్యాసమున్న గోళంలోంచి కోసిన టోపీ కూడా అదే వెడల్పు, అదే లోతు ఇస్తుంది. పారాబోలాతో తేడా ఎక్కువలో ఎక్కువ మిల్లీమీటరులో మూడో వంతు, రంగు వేశాక ఎవరికీ కనబడదు. పిల్లలాడే గట్టి ప్లాస్టిక్ బంతి ఒకటి ఆ కొలతకి దగ్గరగా దొరికింది. దాని మీద న్యూస్‌పేపర్ ముక్కలు, మైదా జిగురు పొరలు పొరలుగా అతికించి, బాగా ఆరాక ఊడదీసి, కంపాస్‌తో గీసిన గీత మీద కత్తిరించాను. బంతికి ముందే కొబ్బరినూనె రాయాలి, లేకపోతే కాగితం ఊడి రాదు.

సోలార్ ప్యానెళ్ల కొలతలు ఫొటోలోంచి తీశాను. డిష్ 0.9 మీటర్లని తెలుసు కాబట్టి దాన్నే కొలబద్దగా పెట్టుకుంటే మిగతావి లెక్కకి వస్తాయి. కెమెరాకి ఎదురుగా ఉన్న భాగాలకే ఈ పద్ధతి పనిచేస్తుంది, పక్కకి తిరిగినవి పొట్టిగా కనిపిస్తాయి. అట్టకి ముదురు నీలం రంగు వేసి, సిల్వర్ పెన్నుతో గళ్లు గీశాను. కీలుకి గుండుసూది, దాన్ని పట్టుకోవడానికి అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ ముక్క.

ఒక ప్యానెల్‌ని పూర్తిగా విప్పి, రెండోదాన్ని మడిచి ఒంటికి అతికించేశాను. మా మేనల్లుడు చూసి "మామయ్యా, ఈ రెక్క పాడైందా?" అన్నాడు. పాడైంది నా దగ్గర కాదురా, అంతరిక్షంలో! 1981 జూన్ 19న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి వెళ్లాక రెండింటిలో ఒకటి తెరుచుకోలేదు. రెండూ కలిసి ఇవ్వాల్సిన 210 వాట్ల కరెంటులో కోత పడింది. అయినా 102 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలబెట్టి, రెండు సీ-బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లతో (సిగ్నల్‌ని అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు) టీవీ, రేడియో నెట్‌వర్కింగ్, కంప్యూటర్లను కలపడం లాంటి ప్రయోగాలన్నీ నడిపించారు. 1983 సెప్టెంబర్ దాకా పనిచేసింది. అమెరికాలో ఫోర్డ్ ఏరోస్పేస్ మనకి కట్టిచ్చిన ఇన్సాట్-1ఎ ఉపగ్రహం 1982 ఏప్రిల్‌లో వెళ్లి సెప్టెంబర్‌కల్లా చేతులెత్తేసింది. ఒంటి రెక్కతో ఉన్న యాపిల్ దాని కంటే ముందే వెళ్లి, దాని తర్వాత కూడా ఏడాది నడిచింది. రెండు రెక్కలూ విప్పిన మోడల్ అందంగానే ఉంటుంది కానీ, అది పైన తిరిగిన యాపిల్ కాదు.

స్టాండుకి చిన్న సరదా చేశాను. హైదరాబాద్ నుంచి చూస్తే యాపిల్ ఆగ్నేయం వైపు, దాదాపు 56 డిగ్రీల ఎత్తున ఉండేది. గోడకి కొట్టిన ఇనుప కడ్డీని ప్రొట్రాక్టర్ పెట్టి ఆ కోణానికి వంచి, ఫోన్‌లో కంపాస్ చూసుకుని దిక్కు సరిచేసి, చివర మోడల్ బిగించాను. ఇదే స్కేల్లో అసలు దూరం పెట్టాలంటే భూమికీ దానికీ మధ్య 3,280 కిలోమీటర్లు కావాలి, మా హాల్లో అంత చోటు లేదు.

ఇక మిగిలింది ఎడ్లబండి. యాపిల్‌ని ఎడ్లబండి మీద పెట్టిన ఫొటో చూసి "అప్పట్లో వ్యాను కూడా లేదు పాపం" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. యాంటెన్నా పరీక్షకి చుట్టుపక్కల లోహం ఉండకూడదు, లారీ మీద పెడితే దాని బాడీయే సిగ్నల్‌ని చెడగొడుతుంది. అందుకే ఇస్రో వాళ్లు చెక్కబండి తెచ్చారు. కాబట్టి నా బండిలోనూ ఒక్క మేకు ఉండదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర తెప్పించాను, తేలిగ్గా ఉంటుంది, బ్లేడుకే తెగుతుంది. కీళ్లకి అగరుబత్తి పుల్లలు, ఫెవికాల్. ఉపగ్రహం దీని మీద కూడా కూర్చోవాలి కాబట్టి స్టాండు కడ్డీకి మరచుట్టు పెట్టి, మోడల్‌ని విప్పి తీసేలా చేశాను. ఎద్దులే తేలడం లేదు. 1:11లో భుజం ఎత్తు 12, 13 సెంటీమీటర్లు రావాలి, షాపుల్లో దొరికే జతలన్నీ చిన్నవి. వచ్చే ఆదివారం మూపురం నుంచి మొదలుపెట్టి నేనే చెక్కుతాను.