ఆది జాకెట్టు

నేను చేసేది రిజిస్ట్రేషన్ పని అని చెబితే, మా బాబాయ్ ఊరి శివారు స్థలానికి స్టాంప్ డ్యూటీ ఎంతవుతుందో కనుక్కోమన్నాడు. ఆ రిజిస్ట్రేషన్ కాదు బాబాయ్, స్కాన్లది అంటే ఇంకా అయోమయంగా చూశాడు. అమ్మకి మాత్రం ఒక్క మాటతో అర్థమైంది. తెనాలిలో 30 ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్న మనిషి. "నీ దగ్గరికి ఆది జాకెట్టు తెస్తారు కదమ్మా, దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి గీత గీస్తావు. నేను చేసేదీ అదే" అన్నాను.

"మరి ఆ మనిషి ఈలోపు ఒళ్ళు చేసుంటే?" అంది.

నా జీతమంతా ఆ ప్రశ్నకే.

లివర్‌లో గడ్డ చిన్నదైతే, అంటే 3 సెంటీమీటర్ల లోపుదైతే, పొట్ట కోయకుండా సన్నటి సూది గుచ్చి మైక్రోవేవ్ వేడితో మాడ్చేయొచ్చు. 60 డిగ్రీలు దాటితే కణాలు అక్కడికక్కడే చచ్చిపోతాయి. గడ్డతో పాటు చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్ల మంచి లివర్ కూడా కాలాలి, లేకపోతే అంచున మళ్ళీ మొలిచే భయం ఉంటుంది. అయితే చాలా గడ్డలు కాంట్రాస్ట్ మందు (స్కాన్‌లో తేడా తెలిసేలా రక్తంలోకి ఎక్కించే మందు) ఎక్కించాక కాసేపే స్పష్టంగా కనిపిస్తాయి. సూది వేసేటప్పుడు తీసే మామూలు సీటీలో గడ్డా లివరూ దాదాపు ఒకే బూడిద రంగు. అందుకే గడ్డ కనిపించే పాత స్కాన్ తెచ్చి ఇవాళ్టి స్కాన్ మీద పరుస్తాం. మా రిజిస్ట్రేషన్ అంటే ఇదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాసిన ప్రోగ్రామ్ చూసుకుని తెగ మురిసిపోయాను. రెండు లివర్ల ఆకారాలు ఎంతవరకు కలిశాయో చెప్పే డైస్ స్కోరు 0.96 వచ్చింది. ఒకటికి అంత దగ్గరంటే ఇంకేం కావాలి! రేడియాలజిస్ట్ మేడమ్‌కి చూపిస్తే ఆవిడ స్కోరు వైపు చూడనే లేదు. మౌస్ తిప్పుకుంటూ వెళ్ళి, లివర్‌కి రక్తం తెచ్చే పెద్ద నాళం పోర్టల్ వెయిన్ రెండుగా చీలే చోట ఆగారు. "అంచు బాగుందమ్మా. మరి ఈ చీలిక రెండు చోట్ల ఎందుకుంది?" కొలిచాను. 9 మిల్లీమీటర్లు. అది పాత కేసుల మీద చేస్తున్న పరీక్ష కాబట్టి సరిపోయింది.

పాత స్కాన్ ఊపిరి నిండా పీల్చి ఆపినప్పుడు తీసింది. సూది వేసే రోజు మత్తులో ఉన్న మనిషికి గాలి వదిలాక ఆపి తీశారు. గాలి వదిలితే ఊపిరితిత్తుల కిందుండే కండరం, డయాఫ్రమ్, పైకెళ్తుంది; లివర్ కూడా దాంతోపాటే పైకి జారుతుంది, కొంచెం తిరుగుతుంది, వంగుతుంది. పక్కటెముకలు అంతగా కదలవు. నా ప్రోగ్రామేమో పక్కపక్కనున్నవన్నీ కలిసే కదలాలని పట్టుబట్టింది. పై గుడ్డనీ లైనింగ్‌నీ అంతటా అతికించి కుట్టేసినట్టు. బొమ్మలో లివర్‌ని విడిగా కత్తిరించి, లోపలి రక్తనాళాల్ని కూడా కలపమని చెప్పాక తేడా 3 మిల్లీమీటర్లకు దిగింది.

రెండో తప్పు నేనే పట్టుకున్నాను, అందుకు కాస్త గర్వం. కాల్చిన తర్వాత స్కాన్ తీసి, కాలిన చోటు గడ్డని పూర్తిగా కప్పిందా అని మళ్ళీ పాతదాని మీద పరిచి చూస్తాం. రెండు బొమ్మల్నీ ఒకేలా చేయడమే ప్రోగ్రామ్ ధ్యేయం కదా, గడ్డని లాగీ నొక్కీ కాలిన మచ్చలో ఇమిడ్చేసింది! చూడ్డానికి గడ్డ మొత్తం కాలినట్టే ఉంది. మనం వెతికే తేడానే అది చెరిపేసింది. పైగా కాలిన కణజాలం నిజంగానే కొంత ముడుచుకుంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు. ఇప్పుడు ఆ చోటుని ప్రోగ్రామ్‌కి కనబడకుండా మూసేసి, చుట్టుపక్కల నాళాల ఆధారంతోనే కలుపుతున్నాను.

అమ్మ ఆది జాకెట్టు చేతిలోకి తీసుకోగానే అడిగేది, "ఇదెప్పటిది? చంకల్లో పడుతోందా?" అని. ఇప్పుడు నా ఫారంలోనూ మొదటి రెండు గళ్ళు అవే: స్కాన్ తేదీ, ఊపిరి పీల్చా వదిలా. రెండో గడి ఎక్కువసార్లు ఖాళీగా వస్తుంది. అప్పుడు డయాఫ్రమ్ ఎన్నో పక్కటెముక దగ్గరుందో లెక్కపెట్టి ఊహించడమే. నిన్న ఒకదానికి 10 అని రాసి, మళ్ళీ లెక్కపెట్టి, కొట్టేసి 9 అని రాశాను.