అండమాన్‌కి అరకు లెక్కలు పనికిరావు

వైజాగ్ నుంచి అండమాన్ వెళ్ళే జంటలు ఎక్కువమంది హావ్‌లాక్‌లో మూడు రోజులుండి, స్కూబా చేసి వచ్చేస్తారు. తప్పేం లేదు. కానీ నడక, అడవి, జంతువులు కావాలంటే ఉత్తరానికి రోడ్డెక్కాలి. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) దగ్గర మొదలై బారాటాంగ్, రంగత్, మాయాబందర్ మీదుగా దిగ్లీపూర్ దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు అది. ఆరేడు రోజులు పెట్టుకోండి.

అరకు వెళ్ళినట్టు ఎనిమిదింటికి టిఫిన్ చేసి బయల్దేరదాం అనుకుంటే సగం ట్రిప్పు అక్కడే పోతుంది. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగానే పోతుంది కాబట్టి వైజాగ్‌లో సూర్యుడూ గడియారమూ దాదాపు కలిసే నడుస్తాయి. అండమాన్ ఉన్నది 93 డిగ్రీల దగ్గర. గడియారం అదే, సూర్యుడు మాత్రం మనకంటే దాదాపు 40 నిమిషాలు ముందు. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే పొద్దుగూకుతుంది, చెట్ల కింద ఇంకా ముందే చీకటి. అందుకే అక్కడ ప్రతి పనీ వేకువనే మొదలవ్వాలి.

ఎప్పుడు వెళ్ళాలంటే జనవరి చివర, ఫిబ్రవరి. వానలు తగ్గుతాయి, సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఇంకా ఒడ్డుకొస్తుంటాయి. వైజాగ్ పోర్టు నుంచి ఓడ ఉంది గానీ నెలకొకటి దొరకడమే ఎక్కువ, ప్రయాణం రెండున్నర, మూడు రోజులు. వారం సెలవు మాత్రమే ఉన్నవాళ్ళు విమానమే చూసుకోండి. కారు డ్రైవరుతో సహా మాట్లాడుకోవడం మేలు. ఆ చెక్‌పోస్టులూ ఫెర్రీ వరసలూ అతనికి అలవాటు.

పోర్ట్ బ్లెయిర్ దాటాక జిర్కాటాంగ్ చెక్‌పోస్టు. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ అనే జలసంధి దాకా జారవాలనే ఆదివాసుల రిజర్వు. బండ్లన్నీ పోలీసుల వెంట వరసగా కాన్వాయ్‌లో పోవాలి, మొదటిది ఉదయం ఆరింటికి. దానికోసం మూడు, మూడున్నరకే హోటల్ వదలాలి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అసలుదే దగ్గరుండాలి. లోపల ఆగకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు, ఫొటో తీయకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు. ఇవి మర్యాద కోసం పెట్టినవి కావు. ఆదివాసుల రక్షణకు 1956 నుంచే చట్టం ఉంది, కేసు పెడతారు. 'జారవాలు కనిపిస్తారా' అని డ్రైవరుని అడిగేవాళ్ళు ఆ ప్రశ్న ఇంట్లోనే వదిలి రావాలి. వాళ్ళు చూడడానికి పెట్టిన బొమ్మలు కారు.

ఆగడానికి వీల్లేదు కాబట్టి బాత్రూమ్ పని, స్టెప్నీలో గాలి, నీళ్ళ సీసాలు అన్నీ జిర్కాటాంగ్‌లోనే చూసుకోండి. పంక్చరైన స్టెప్నీతో బయల్దేరిన బండి వెనకాల వరసంతటినీ నిలబెట్టేస్తుంది.

మిడిల్ స్ట్రెయిట్‌లో కారూ మనుషులూ ఒకే ఫెర్రీ మీద దాటుతారు. బారాటాంగ్‌లో సున్నపురాయి గుహలకి మడ అడవుల మధ్య నుంచి స్పీడ్ బోటు, తరవాత కొంత నడక. గుహ కంటే ఆ బోటు దారే బాగుంటుంది. మడ్ వాల్కనో (బురద ఉబికే చోటు) చూడకపోయినా నష్టం లేదు. ఆ రాత్రికి రంగత్, మర్నాడు దిగ్లీపూర్.

అసలు నడక శాడిల్ పీక్. 732 మీటర్లు, అండమాన్‌లో అన్నిటికన్నా ఎత్తైనది. లామియా బే దగ్గర ఫారెస్టు వాళ్ళ చెక్‌పోస్టులో పేరు రాయించుకుని బయల్దేరాలి. ఒకవైపే సుమారు 8 కిలోమీటర్లు. మొదట్లో దారి సముద్రాన్ని ఆనుకునే ఉంటుంది కాబట్టి తేలిగ్గా అనిపిస్తుంది, అక్కడే జనం ఫొటోలు తీసుకుంటూ గంట తగలేస్తారు. తరవాత ఎక్కుడే. ఎత్తు చూసి చిన్నదే అనుకోకండి, మొదలయ్యేది సముద్రమట్టం నుంచే. గాలి ఆడని తడి ఉక్కలో చెమట ఆరదు. మనిషికి 3 లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, పులిహోర. ఆరింటికి అడుగేసి, ఎక్కడున్నా సరే పదకొండున్నరకి వెనక్కి తిరగాలి. శిఖరం అరగంటలో వచ్చేస్తుందనిపించినా సరే. ఈ మాట ఇద్దరూ కిందే ఒప్పుకోండి, పైన ఒప్పుకోరు.

తడి ఉంటే జలగలుంటాయి. ప్యాంటుని సాక్సులోకి దోపి, పైన ఉప్పు నీళ్ళతో తడపండి. పట్టుకున్నదాన్ని లాగొద్దు, సన్నటి కొన దగ్గర గోరు జరిపితే వదిలేస్తుంది. రక్తం చాలాసేపు కారుతుంది. గడ్డకట్టనివ్వని పదార్థం అది వదిలిపోతుంది, కంగారు అక్కర్లేదు. పులులూ చిరుతలూ ఈ దీవుల్లో లేవు. భయపడాల్సింది ఉప్పునీటి మొసలికి. వాగు సముద్రంలో కలిసేచోట, మడ చెట్ల పక్కన నీళ్ళలోకి దిగొద్దు.

తాబేళ్ళకి దిగ్లీపూర్ పక్కన కాలీపూర్ బీచ్. మన ఆర్కే బీచ్‌కి వచ్చేది ఆలివ్ రిడ్లీ. కాలీపూర్‌లో దానితోపాటు పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ కూడా గుడ్లు పెడతాయి. రాత్రి దొరక్కపోయినా తెల్లవారుజామున ఇసుక చదవొచ్చు. కుడి ఎడమ గుర్తులు ఒకదాని తరవాత ఒకటిగా, జిప్పు పళ్ళలా పడి, జాడ ముప్పావు మీటరు వెడల్పుంటే రిడ్లీయో హాక్స్‌బిల్లో. ఆ రెండిటి జాడలూ ఒకలాగే ఉంటాయి. రెండు వైపులా గుర్తులు ఎదురెదురుగా, ట్రాక్టరు టైరు అచ్చులా, మీటరు వెడల్పుంటే పచ్చ తాబేలు. అదే అచ్చు రెండు మీటర్లకి దగ్గరగా ఉంటే లెదర్‌బ్యాక్, అదృష్టవంతులు. రాత్రి వెళ్తే ఫారెస్టు సిబ్బందితోనే వెళ్ళండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి, ఫ్లాష్ వద్దు. గుడ్లు పెట్టడం మొదలవ్వకముందు వెలుగు పడితే తాబేలు వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. ఇసుక ఈగలు కుడితే వారం దురద, కాళ్ళకి కొబ్బరినూనె దిట్టంగా పట్టించండి. శాడిల్ పీక్ ముందు రాత్రి మాత్రం ఈ జాగారం పెట్టుకోవద్దు.

ఏరియల్ బే జెట్టీ నుంచి రాస్, స్మిత్ దీవులకి బోటు. రెండిటినీ కలిపే ఇసుక దారి ఆటుపోట్లని బట్టి తేలుతుంది, మునుగుతుంది. బోటు మాట్లాడేముందు పాటు (నీళ్ళు వెనక్కి తగ్గేది) ఎన్నింటికో అడగండి.

తిరుగు ప్రయాణం ఒక్కరోజులో లాగొద్దు. మిడిల్ స్ట్రెయిట్‌లో చివరి కాన్వాయ్ మధ్యాహ్నమే, తప్పితే రాత్రి బారాటాంగ్‌లోనే. మళ్ళీ రంగత్‌లో పడుకోండి. విమానాశ్రయంలో సామాను చూస్తారు. ఒడ్డున ఏరిన పగడపు ముక్కలు చచ్చినవైనా తేకూడదు, బ్యాగు మూలల్లో ఇరుక్కున్నవేమైనా ఉంటే హోటల్లోనే దులిపేయండి.