23,418 పాటలు, ఒక జీఎస్టీ ఫోల్డరు

పోయిన దసరా సెలవుల్లో మా ఇంట్లో పాత ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టక్కు టక్కుమనడం మొదలుపెట్టింది. గోడ గడియారం అనుకుని రెండు రోజులు పట్టించుకోలేదు. డిస్క్ అలా కొట్టుకుంటోందంటే దాని పని అయిపోవచ్చినట్టే అని ఆఫీసులో కంప్యూటర్లు చూసే కుర్రాడు చెప్పాక టెన్షన్ పట్టుకుంది. ఫొటోలకి ఇంకో కాపీ ఉంది. పాటలకి లేదు. ఆ సాయంత్రమే కొత్త డిస్క్ కొనుక్కొచ్చి రాత్రంతా కాపీ పెట్టి పడుకున్నాను.

పొద్దున్నే లేచి చూస్తే 23,418 ఫైళ్ళు, 118 జీబీ. పాటకి ఐదేసి నిమిషాలు వేసుకున్నా 1,950 గంటల పైమాటే. రోజూ వంటింట్లో రెండు గంటలు విన్నా ఒక చుట్టు తిరిగి రావడానికి రెండేళ్ళ ఎనిమిది నెలలు పడుతుంది. మా అమ్మాయి భుజం మీంచి తొంగి చూసి, "అమ్మా, ఇవన్నీ యాప్‌లో ఉన్నాయి కదా, ఎందుకు దాస్తావు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. సరే, పనికిరానివి తీసేద్దాం అని అప్పుడే అనుకున్నాను. వారం రోజుల పని అనుకున్నది సంక్రాంతి దాకా సాగింది.

ఇన్ని ఎలా పోగయ్యాయో చెప్పాలి. 2002 నుంచి 2006 దాకా గుంటూరులో ఇంజనీరింగ్ చదివాను. మా హాస్టల్ గదిలో నలుగురికీ కలిపి ఒకే కంప్యూటర్. అప్పట్లో ఒక్క ఎంపీ3 సీడీలో నూటయాభై పాటలు వచ్చేవి. 128 కేబీపీఎస్‌లో, అంటే సెకనుకి 128 కిలోబిట్ల నాణ్యతలో, నిమిషానికి ఇంచుమించు ఒక ఎంబీ, సీడీకి 700 ఎంబీ, లెక్క సరిపోతుంది. పైన హీరో బొమ్మ, కింద తప్పుల తడకగా పాటల పట్టిక. ఆ సీడీలు దొంగవని తెలుసు. తప్పు చేస్తున్నామని మాలో ఒక్కరికి కూడా అనిపించలేదు, ఇప్పుడు దాన్ని సమర్థించుకోవాలనీ లేదు. తర్వాత పెన్‌డ్రైవులు వచ్చాయి. పెళ్ళికి వెళ్ళినా, పరామర్శకి వెళ్ళినా పెన్‌డ్రైవ్ వెంట ఉండేది. ఆ తర్వాత ఫోన్లలో మెమరీ కార్డులు. మొబైల్ షాపులో డబ్బులిస్తే 2 జీబీ కార్డు నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్ళు, ఏం పాటలో అడిగే పని లేదు. ఆ కార్డులన్నీ ఎప్పటికప్పుడు డిస్క్‌లోకి దించుకుంటూ పోయాను. ఒక్క పాట కూడా తీసెయ్యలేదు.

మొదట డూప్లికేట్లు పట్టుకుందామని కూర్చున్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు పేర్లతో అది ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. 'నువ్వు' అన్న మాటనే ఒకడు రెండు 'వీ'లతో, ఒకడు ఒక 'వీ'తో, ఇంకొకడు 'డబుల్యూ'తో రాశాడు. 'చెలియా'కి నా దగ్గర ఐదు స్పెల్లింగులు దొరికాయి. ళ, ల తేడా ఎలాగూ లేదు, దీర్ఘాలు ఎవడి ఇష్టం వాడిది. పేరుని బట్టి వెతికే సాఫ్ట్‌వేర్ వీటిని ఐదు వేరు వేరు పాటలనుకుంటుంది. పాత ఫైళ్ళలో ఇంకో చిక్కు. ఎంపీ3లో పాట వివరాలు దాచే తొలి పద్ధతిలో పేరుకి 30 అక్షరాలే చోటు. మన పాటల పల్లవులు అందులో పట్టవు. అందుకే సగం పాటలు మాట మధ్యలో గుటుక్కున ఆగిపోయి ఉన్నాయి.

ఇంకా నవ్వొచ్చే సంగతి ఉంది. గాయకుల వారీగా లెక్క తీస్తే అందరికంటే ఎక్కువ పాటలు బాలసుబ్రహ్మణ్యం గారివి వస్తాయనుకున్నాను. రాలేదు. మొదటి స్థానంలో ఒక డౌన్‌లోడ్ వెబ్‌సైట్ ఉంది! గాయకుడి పేరు ఉండాల్సిన ప్రతిచోటా ఆ సైటు పేరు కొట్టి పెట్టారు. ఆ సైటు ఇప్పుడు లేదు. నా డిస్క్‌లో మాత్రం నాలుగు వేల పైచిలుకు పాటలు పాడేసింది.

ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాంతో వందల ఫైళ్ళ వివరాలు ఒకేసారి మార్చొచ్చు. అది వేసుకుని రోజూ రాత్రి గంట చొప్పున కూర్చున్నాను. ఇక్కడ ఒక మాట, ఈ పని పెట్టుకునేవాళ్ళకి. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ 'ఆర్టిస్టు, ఆల్బం' అనే లెక్కలో నడుస్తాయి. మనం పాటని అలా తలుచుకోం. "అది చిరంజీవి పాట" అంటాం, పాడింది బాలు. "అది ఇళయరాజా పాట" అంటాం, పాడింది ఇంకొకరు. చివరికి ఆల్బం ఆర్టిస్టు గడిలో సంగీత దర్శకుడి పేరు, ఆల్బం గడిలో సినిమా పేరు, పక్కన సంవత్సరం పెట్టుకున్నాను. సంవత్సరం తప్పదు, ఒకే పేరుతో రెండు మూడు సినిమాలున్నాయి మనకి. 'కీరవాణి' అని ఒక్కచోట కొడితే ఆయన పాటలన్నీ వరసగా వచ్చిన రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ రాత్రి అన్నం తినడం కూడా మర్చిపోయాను.

నాణ్యత విషయంలో మాత్రం బాగా మోసపోయాను. 320 కేబీపీఎస్ అని పేరు పెట్టుకున్న ఫైళ్ళలో చాలావాటిని ఎవరో 128 నుంచే పెంచి తయారు చేశారు. పోయిన నాదం అలా పెంచితే తిరిగి రాదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది. ఆడాసిటీ అనే ప్రోగ్రాంలో తెరిచి స్పెక్ట్రోగ్రాం, అంటే పాటలో ఏ స్థాయి ధ్వనులు ఎంతున్నాయో చూపే బొమ్మ, చూస్తే దొంగతనం బయటపడుతుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు పైనంతా ఖాళీ. అలాంటివి కనిపించినప్పుడల్లా తీసేశాను. డూప్లికేట్లు, ఈ ఉబ్బు ఫైళ్ళు, సగంలో ఆగిపోయిన డౌన్‌లోడ్లు కలిపి పదిహేను వేల దాకా పోయాయి.

అసలు ఇబ్బంది ఆ తర్వాతే మొదలైంది. నా దగ్గర 'శాస్త్రీయం' అని ఒక ఫోల్డరు ఉంది, 14 జీబీ. కచేరీలు, రాగాల వారీగా సర్దినవి. ఇంటికెవరైనా వస్తే గర్వంగా చూపించేదాన్ని. పాత లాప్‌టాప్‌లో పాటలు వినే విన్ఆంప్ ప్రోగ్రాం ఇంకా ఉంది. అందులో ఏ పాట ఎన్నిసార్లు మోగిందో లెక్క ఉంటుంది. ఆ కాలమ్ మీద నొక్కి వరస మార్చాను. శాస్త్రీయంలో బాలమురళీకృష్ణ గారి కీర్తనలు నాలుగైదు తప్ప మిగతా వాటన్నిటికీ సున్నా. పదేళ్ళలో సున్నా. పైన వంద దాటినవన్నీ ఒకే ఫోల్డర్లోవి. ఆ ఫోల్డరు పేరు 'జీఎస్టీ పాతవి'.

జీఎస్టీ అని పేరు పెడితే ఇంట్లో ఎవరూ తెరవరని నా తెలివి. అందులో ఏముందంటే, రెండర్థాల ఐటమ్ పాటలు, సైరన్ మోతతో మొదలయ్యే మాస్ పాటలు, డబ్బింగ్ సినిమాల్లో పెదవులకి అతకని మాటలతో సాగే పాటలు, సినిమా బాణీలో కట్టిన అయ్యప్ప పాటలు, అరనిమిషానికోసారి డీజే తన పేరు తానే అరుచుకునే మిక్సులు. నేను ఆఫీసులో మహిళల ఫిర్యాదుల కమిటీలో ఉన్నాను. ఆ పాటల్లో కొన్నింటి చరణాలు కమిటీ ముందుకొస్తే నేనే నోటీసు రాయాలి. అయినా గిన్నెలు కడిగేటప్పుడు అవి లేకపోతే నాకు చెయ్యి ఆడదు.

ఈ రుచి ఎక్కడిదో నాకు తెలుసు. మా అమ్మమ్మ వాళ్ళది నరసరావుపేట. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకి వెళ్ళేవాళ్ళం. చీకట్లో దీపాలతో వెలిగిపోయే ప్రభలు, ఒక్కో ప్రభ ముందు ఒక్కో మైకు సెట్టు, నాలుగు పాటలు ఒకదానిమీద ఒకటి పడి ఏది ఏదో తెలియని హోరు. ఆ పాటల్ని మంచి స్పీకర్లలో వింటే వెలితిగా ఉంటుంది. కొంచెం పగిలినట్టు, ఆ హారన్ మైకులోంచి వచ్చినట్టు ఉండాలి. అందుకే వాటి 128 కేబీపీఎస్ కాపీలే ఉంచుకుని శుభ్రమైనవి తీసేశాను. దీన్ని ఎవరికీ వివరించి చెప్పలేను.

ఒకసారి దొరికిపోయాను కూడా. అన్నవరం వెళ్తూ నా ఫోను కారుకి కలిపాం. వెనక సీట్లో అత్తయ్య, మావయ్య. రాజమండ్రి దాటాక భక్తి పాటలు అయిపోయి ఫోను తనంతట తాను ముందుకెళ్ళి జీఎస్టీలోకి దిగింది. మొదటి తబలా దెబ్బకే ఏ పాటో నాకు తెలిసిపోయింది. ఆపుదామంటే ఫోను మా ఆయన సీటు కింద పడి ఉంది. పల్లవి మొత్తం మోగింది. అత్తయ్య కిటికీలోంచి పొలాలు చూశారు. మావయ్య మాత్రం, "ఇది మా ఊరి రికార్డింగ్ డాన్సులో వేసేవాళ్ళురా" అన్నారు మా ఆయనతో, గొంతు తగ్గించి. రెండో చరణం కూడా ఆపలేదు మేము.

సరే, శాస్త్రీయంలో వింటున్న నాలుగైదు ఉంచి, మిగతా 14 జీబీ సంగీతం నేర్చుకుంటున్న మా పిన్ని కూతురికి పంపేశాను. జీఎస్టీలో మాత్రం ఒక్క పాట కూడా ముట్టుకోలేదు. యాప్ ఉంది కదా అన్న మా అమ్మాయి మాట కూడా పరీక్షించాను. పేరున్న సినిమాలన్నీ ఉన్నాయి, నిజమే. కానీ అక్కడ హక్కుల ఒప్పందాలు మారినప్పుడు నిన్నటి పాట ఇవాళ బూడిదరంగులోకి మారి నొక్కితే పలకదు. నా డబ్బింగ్ పాటలు, బాణీ మార్చిన స్వామి పాటలు అయితే సగానికి సగం అసలు దొరకలేదు.

జనవరి మొదటివారంలో చేశాను పెద్ద తప్పు. డీజే నాన్‌స్టాప్ మిక్సులు కొన్ని మరీ గంటల పొడవున ఉన్నాయి, వాటినైనా తీసేద్దామని పదిహేను నిమిషాలు దాటిన ఫైళ్ళన్నీ, గాయకుడి పేరు లేనివి, వేరే చేశాను. డెబ్భై చిల్లర వచ్చాయి. రాత్రి పన్నెండున్నర, కళ్ళు మూతలు పడుతున్నాయి. అన్నీ కలిపి, రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళకుండా, షిఫ్ట్ డిలీట్ కొట్టాను. మర్నాడు ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా తెరుస్తుంటే గుర్తొచ్చింది. నాన్న క్యాసెట్లు.

మా నాన్న తెనాలి సబ్ ట్రెజరీలో గుమస్తా. ఆయన దృష్టిలో 1974లో ఘంటసాల పోయాక తెలుగు పాట కూడా పోయింది. నెలకోసారి జీతాల రోజున తెల్లకాగితం మీద వరస నంబర్లతో పాటల పట్టిక రాసుకుని క్యాసెట్లు నింపే షాపులో ఇచ్చేవారు. అరవై నిమిషాల క్యాసెట్, పక్కకి ముప్పై. చివర టేపు మిగిలితే షాపతను ఏదో ఒక పాట మొదలుపెట్టేవాడు, అది చరణం మధ్యలో టక్కున తెగిపోయేది. మా ఇంట్లో కొన్ని పాటల్ని అలా తెగిన చోటిదాకే పాడుకునేవాళ్ళం. నాన్న 2011లో పోయారు. అంతకు రెండేళ్ళ ముందే అన్నయ్య టేప్‌రికార్డర్‌ని కంప్యూటర్‌కి తగిలించి 21 క్యాసెట్లూ ఎక్కించి పెట్టాడు. పక్కకి ఒక ఫైలు, 42 ఫైళ్ళు. గాయకుడి పేరు గడి ఖాళీ. పొడవు ముప్పై నిమిషాలు.

సెలవు పెట్టి ఇంటికొచ్చేశాను. పాత డిస్క్ ఇంకా పారెయ్యలేదు, పాత సామాను వాడికి ఇద్దామని చెప్పుల స్టాండు మీద పెట్టి ఉంచాను. తగిలిస్తే మొదట పలకలేదు. రెండోసారి టక్కు టక్కుమంటూ తిరిగింది. అన్నీ ఒకేసారి లాగితే మధ్యలో ఆగిపోతుందని భయం, నాలుగేసి ఫైళ్ళ చొప్పున తీశాను. డిస్క్ వేడెక్కినప్పుడల్లా ఆపి అరగంట ఊరుకోవడం. రాత్రి పదికి 39 వచ్చాయి. మూడు రాలేదు. ఎన్నిసార్లు పెట్టినా ఒకేచోట ఆగి ఎర్రర్ ఇచ్చాయి.

వచ్చినవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి కదా, అందుకని ఒక్కొక్కటీ చివరిదాకా విన్నాను. పదమూడేళ్ళలో మొదటిసారి. తొమ్మిదో క్యాసెట్ బి పక్కన ఆరు పాటలు ఘంటసాలవి, అన్నీ నాకు తెలిసినవే. ఆరోది అయ్యాక చిన్న నిశ్శబ్దం, టేపు రాపిడి, ఉన్నట్టుండి ఎల్.ఆర్.ఈశ్వరి గొంతు. క్లబ్బు పాట. ట్రంపెట్లు, మూలుగులు, అన్నీ. మూడు నిమిషాలు గడిచి ఒక మాట సగంలో తెగిపోయింది.

షాపతను మిగిలిన టేపు నింపడానికి వేశాడేమో అనుకున్నాను. అయినా ఉండబట్టలేక అన్నయ్యకి ఫోన్ చేశాను. పాత క్యాసెట్లు వాళ్ళింట్లో ట్రంకుపెట్టెలో ఉన్నాయి. "అర్ధరాత్రి ఇదేం పనే నీకు" అని విసుక్కుంటూనే వెతికి, తొమ్మిదో క్యాసెట్ లోపలి అట్ట ఫొటో తీసి పంపాడు. నాన్న చేతిరాత, ట్రెజరీ రిజిస్టర్లలో రాసినట్టే గుండ్రంగా. బి కింద ఒకటి నుంచి ఆరు దాకా పాటల మొదటి మాటలు. ఏడో నంబరు ఎదురుగా పాట పేరు లేదు. 'ఇతరములు' అని ఉంది.

రాని మూడు ఫైళ్ళ కోసం ఆ క్యాసెట్లు మళ్ళీ ఎక్కించాలి. అన్నయ్య టేప్‌రికార్డర్ బెల్టు సాగిపోయిందట, బాగుచేసేవాళ్ళ కోసం చూస్తున్నాడు. డిస్క్‌లో ఇప్పుడు 5,212 ఫైళ్ళున్నాయి. 'జీఎస్టీ పాతవి' ఫోల్డరు పేరు మార్చేశాను. నాన్న రాసినట్టే, తెలుగులోనే కొట్టాను.