వేడెక్కితే మొరాయించే సీడీఐ యూనిట్

మొదటి వారం

పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో కిక్కుకే అందుకునే ఈ పాత సింగిల్ సిలిండర్ బండి, ఇరవై నిమిషాలు నడిచాక సైలెన్సర్‌లో రెండు మూడుసార్లు పేలి ఆగిపోతోంది. అరగంట నీడలో నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతోంది. ఆగిన మరుక్షణమే ప్లగ్గు విప్పి, హెడ్డుకు ఆనించి కిక్కు కొడితే నిప్పురవ్వ రాలేదు కనుక కార్బురేటర్ జోలికి పోలేదు.

ముందుగా ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ తీగను సీడీఐ (ప్లగ్గుకు రవ్వ అందించే ఎలక్ట్రానిక్ డబ్బా) సాకెట్ దగ్గరే విడదీసి నడిపాను, మార్పు లేదు. కొత్త ప్లగ్గు, కొత్త క్యాపు వేసినా అంతే. తరువాత మల్టీమీటరుతో కొలిస్తే మాగ్నెటోలో (ఇంజన్‌తో తిరిగి విద్యుత్తు పుట్టించే భాగం) సీడీఐకి విద్యుత్తునిచ్చే సోర్స్ కాయిల్ 310 ఓములు, రవ్వ పడే వేళను తెలిపే పికప్ కాయిల్ 115 ఓములు, ప్లగ్గుకు అధిక వోల్టేజీ పంపే హెచ్‌టీ కాయిల్ ప్రైమరీ ఒక ఓము లోపు, సెకండరీ 4.2 కిలో ఓములు చూపించాయి. ఈ అంకెలు బండిని బట్టి మారతాయి కాబట్టి సర్వీస్ మాన్యువల్‌తో సరిచూసుకోవాలి. ఇంజన్ కాలిపోతున్నప్పుడు సోర్స్ కాయిల్ 370 దాకా పెరిగింది గానీ, రాగి తీగ నిరోధం ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు 4 శాతం పెరుగుతుంది కనుక దానిని తప్పు పట్టలేదు.

నేను పొరబడిన చోటు, ప్రతి రవ్వకూ మెరిసి దాని వేళను చూపే టైమింగ్ లైటు దగ్గర. చల్లగా ఉన్నంతసేపు ఫ్లైవీల్ మీద రవ్వ పడాల్సిన చోటును గుర్తించే ‘ఎఫ్’ గీత కదలకుండా నిలిచింది, బండి ఆగే ముందు మాత్రం అటూ ఇటూ గెంతింది. ఫ్లైవీల్‌ను ఇరుసు మీద జారకుండా పట్టే కీ అరిగిందనుకొని పుల్లర్‌తో ఫ్లైవీల్ ఊడదీసి ఒక పూటంతా వృథా చేసుకున్నాను. కీ చెక్కుచెదరలేదు.

రెండో వారం

చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి, సీడీఐ డబ్బాను మాత్రమే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేశాను. అయిదు నిమిషాలు కాకముందే అవే పేలుళ్ళు వినిపించాయి, బండి ఆగింది. దోషం ఎక్కడుందో దీనితో తేలింది.

డబ్బా నిండా నల్లటి రబ్బరులాంటి పోత ఉంది. వేడి గాలి తగిలిస్తే మెత్తబడింది, వెదురు పుల్లను ఉలిలా చెక్కి రెండు సాయంత్రాలపాటు గోకితే బోర్డు బయటపడింది. ఇనుప మొన వాడితే ట్రాకులు తెగుతాయి. లోపలి కెపాసిటర్ దాదాపు 300 వోల్టుల వరకు నిండుతుంది కాబట్టి, దాని కాళ్ళను 10 కిలో ఓముల రెసిస్టర్‌తో కలిపి ఖాళీ చేసిన తరువాతే చెయ్యి పెట్టాలి.

ఈ రకం యూనిట్ పనితీరు సరళమైనదే. సోర్స్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ విద్యుత్తు డయోడ్ గుండా పోయి కెపాసిటర్‌ను నింపుతుంది, పికప్ కాయిల్ సంకేతం అందగానే ఎస్‌సీఆర్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చి తెరుచుకొని ఆ చార్జినంతా ఒక్క దెబ్బన హెచ్‌టీ కాయిల్‌లోకి వదులుతుంది. అందరూ ముందుగా తప్పు పట్టేది కెపాసిటర్‌నే, నేనూ అదే చేశాను. పాతదాని స్థానంలో 1 మైక్రోఫారడ్, 630 వోల్టుల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకం వేశాను. క్షణక్షణానికీ నిండి ఖాళీ అయ్యే పనిలో పాలిస్టర్ రకం కన్నా ఇది తక్కువ వేడెక్కుతుంది. బండి 35 నిమిషాలు నడిచి, మళ్ళీ ఆగింది. తొందరపడి పోత పోయకపోవడం ఒక్కటే ఊరట.

మూడో వారం

ఈసారి ప్రతి టంకాన్నీ భూతద్దంలో చూశాను. ఎస్‌సీఆర్ గేటుకు (సంకేతం అందుకునే కాలు), కాథోడుకు (విద్యుత్తు బయటికి పోయే కాలు) మధ్యనున్న 1 కిలో ఓము రెసిస్టర్ కాలి చుట్టూ వెంట్రుక మందాన నల్లటి వలయం కనిపించింది. మీటరు ఒక మొనను కాలి మీద, రెండోదాన్ని ట్రాకు మీద ఉంచితే బీప్ వినిపించింది, వేడి గాలి తగిలించగానే ఆగింది, చల్లారితే తిరిగి మోగింది.

ఎస్‌సీఆర్ వేడెక్కినప్పుడు లోపల పుట్టే కొద్దిపాటి లీకేజీని ఆ రెసిస్టరే పక్కకు మళ్ళిస్తుంది. అది తెగిపోతే ఆ లీకేజీయే సంకేతంలా పనిచేసి ఎస్‌సీఆర్‌ను వేళగాని వేళ తెరుస్తుంది. గీత గెంతడానికీ, సైలెన్సర్ పేలడానికీ కారణం ఇదే. వేడి మరికాస్త పెరిగితే కెపాసిటర్ నిండే వ్యవధే ఉండదు, రవ్వ పూర్తిగా పోతుంది.

పాత టంకం పీల్చేసి, కాలిని ట్రాకు మీదికి వంచి కొత్తగా అతికించాను. ఎస్‌సీఆర్‌ను కావాలనే మార్చలేదు, రెండూ ఒకేసారి మారిస్తే అసలు దోషి ఏదో తెలియకుండా పోతుంది. హెయిర్ డ్రయ్యర్ కింద పది నిమిషాలు, రోడ్డు మీద గంటంపావు నడిపినా ‘ఎఫ్’ గీత కదలలేదు.

ఆ తరువాతే సిలికాన్ పోశాను. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదిలి రాగిని తినేస్తుంది కనుక న్యూట్రల్ క్యూర్ రకం తీసుకొని, రెండు పొరలుగా, ఒక్కో పొరకు ఒక రోజు చొప్పున ఆరనిచ్చాను. డబ్బా కింద రబ్బరు ముక్క వేసి బిగించాను. ఊడదీసిన పాత కెపాసిటర్‌ను వేడి చేసి కొలిచినా 0.97 మైక్రోఫారడ్ చూపిస్తోంది, విడిభాగాల పెట్టెలో వేశాను.