కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తున్నానో లెక్క రాసుకున్నా: నవల డ్రాఫ్ట్ పూర్తయ్యేదాకా నా అనుభవం

పోయినేడాది మొదట్లో నా నవల పదమూడో పేజీలో ఉంది. అంతకుముందు ఏడాది మొదట్లో కూడా పదమూడో పేజీలోనే ఉంది. మధ్యలో ఏం చేశావు అంటే ఫాంట్ మార్చాను, హీరోయిన్ పేరు నాలుగుసార్లు మార్చాను, రాయడానికి పనికొస్తాయని ఆరు యాప్‌లు దించుకున్నాను, రోజూ క్రమం తప్పకుండా రాయడం ఎలా అన్న వీడియోలు మాత్రం క్రమం తప్పకుండా చూశాను. ఎవరన్నా అడిగితే "టైమ్ దొరకట్లేదండీ" అనేదాన్ని. ఉద్యోగం, ఇల్లు, రెండో క్లాసు చదివే పాప, కాబట్టి ఎవరూ తిరిగి అడిగేవాళ్ళు కాదు, నేనూ నమ్మేశాను.

ఆ నమ్మకం ఒక ఆదివారం పోయింది. ఇంట్లో అందరూ ఊరెళ్ళారు, పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా ఇల్లంతా నాదే. పదహారు గంటలు! ఆ రోజు నేను రాసింది నాలుగు లైన్లు, అందులో రెండు మర్నాడు కొట్టేశా.

సరే ఇక సీరియస్‌గా తీసుకుందాం అని పొద్దున్నే ఐదింటికి లేవడం మొదలుపెట్టా, 21 రోజులు చేస్తే అలవాటైపోతుందట కదా, క్యాలెండర్‌లో రోజుకో టిక్కు పెట్టుకుంటూ ఎనిమిది రోజులు బానే నడిచింది, తొమ్మిదో రోజు పాపకి జ్వరం, పదో రోజు నిద్ర లేక నేను లేవలేదు, టిక్కుల మధ్యలో రెండు ఖాళీ గళ్ళు కనపడేసరికి ఇక అంతా పోయిందనిపించి క్యాలెండరే తిరగేసి పెట్టేశా. అసలు ఆ 21 ఎక్కణ్ణుంచి వచ్చిందో చాలా తర్వాత తెలిసింది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని ఒక ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయిన పేషెంట్లు తమ కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం ఓ 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. అలవాట్ల మీద ప్రయోగం ఏమీ కాదు, ఆయన గమనించింది చెప్పాడు అంతే, ఆ "కనీసం" ఎక్కడో రాలిపోయి మన దాకా 21 మాత్రం వచ్చింది. తర్వాత లండన్‌లో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు, ఆవిడ తోటివాళ్ళు కలిసి 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2009లో బయటపెట్టిన లెక్క ప్రకారం ఒక పని అలవాటుగా కుదురుకోడానికి అటూ ఇటూగా 66 రోజులు, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. అందులో నాకు బాగా నచ్చింది వేరే ఉంది, మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా ఏం రాలేదట. ఇదేదో ముందే తెలిసుంటే ఆ క్యాలెండర్ తిరగేసేదాన్ని కాదు.

తర్వాత అందరూ చెప్పేదే, ఫోన్ మీద పడ్డాను. పక్క గదిలో పెట్టా, లాప్‌టాప్‌లో వార్తలు చదివా. వైఫై ఆపేశా, పుస్తకాల అల్మారా సర్దా. మా అల్మారా అంత నీట్‌గా ముందూ లేదు, తర్వాతా లేదు. ఫోన్‌ని తిట్టుకోవడం తేలిక కానీ, ఫోన్ లేనప్పుడు కూడా నేను పారిపోతూనే ఉన్నా కదా, మరి దేన్నించి పారిపోతున్నట్టు?

ఈ ప్రశ్న బుర్రలో తిరుగుతుంటే పాప పాత నోట్‌బుక్ ఒకటి తీసి, వెనక మిగిలిన పేజీల్లో ఒక పని మొదలుపెట్టా. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ, లేదా రాస్తున్న ఫైల్ వదిలి ఇంకోటి తెరిచిన ప్రతిసారీ, టైమ్ రాయాలి, ఎందుకు లేచానో రాయాలి, లేచే ముందు ఆఖరుగా టైప్ చేసిన మాట రాయాలి. మానెయ్యాలని రూల్ ఏం పెట్టుకోలేదు, రాయడం ఒక్కటే. మొదటి వారం పేజీ ఒకటి అలాగే ఎక్కిస్తున్నా, నవ్వుకోండి.

6:12 – టైమ్ చూద్దామని ఫోన్ కోసం. గోడ గడియారం ఎదురుగానే ఉంది. ఆఖరి మాట: తలుపు.

6:19 – నీళ్ళు. ఆఖరి మాట: తలుపు.

6:31 – గడపకీ గుమ్మానికీ తేడా ఏంటో నెట్‌లో చూద్దామని. తిరిగొచ్చింది 7:05కి. ఆఖరి మాట: తలుపు తీసి.

7:06 – నీళ్ళు.

ఆ చాప్టర్‌లో ఒక కూతురు పన్నెండేళ్ళ తర్వాత తండ్రి ఇంటికొస్తుంది. ఆయన తలుపు తీస్తాడు. తీసి ఏమంటాడో నాకు తెలీదు. ఆ వారం మొత్తం పందొమ్మిది ఎంట్రీలుంటే పదకొండు ఆ తలుపు దగ్గరే ఉన్నాయి. అంతకు ముందు పేరాలో ఆమె బస్సులో వస్తుంది, అది నలభై నిమిషాలు కదలకుండా రాశాను, పక్క గదిలో టీవీ మోగుతూనే ఉంది, ఫోన్ చేతికందేంత దూరంలోనే ఉంది, అయినా ఒక్క ఎంట్రీ లేదు. తర్వాత ఏం రాయాలో తెలిసినంతసేపూ నాకు దాహం వెయ్యలేదన్నమాట. తెలీని చోటికి రాగానే గొంతెండిపోయేది, మెయిల్ గుర్తొచ్చేది, గడప వేరు గుమ్మం వేరు అని తెలుసుకోకపోతే కొంప మునిగేది.

ఇది తెలిశాక చేసిన మార్పులు పెద్దవేం కావు, కానీ ఈసారి మందు రోగానికి వేశాననిపించింది. మొదటిది, ఏం రాయాలో తెలీని చోట స్క్వేర్ బ్రాకెట్లు పెట్టి అందులో ఎర్ర రంగులో "తండ్రి ఏదో అంటాడు" అని కొట్టి ముందుకెళ్ళిపోవడం. మొదట్లో సిగ్గుగా ఉండేది, ఇదేం రాత అని. నవల సగమయ్యేసరికి అలాంటి ఎర్ర బ్రాకెట్లు ముప్పై పైన తేలాయి. రెండోది, నెట్‌లో చూడాల్సినవన్నీ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుని శనివారం ఒకేసారి చూడటం. శనివారం వచ్చేసరికి వాటిలో సగం అసలు అక్కర్లేనివని తేలేది.

మూడోది అమెరికన్ రచయిత హెమింగ్వే చెప్పింది, చాలామందికి తెలిసిందే, తర్వాత ఏం జరుగుతుందో ఇంకా తెలుస్తుండగానే ఆ రోజుకి ఆపెయ్యడం. చదివినప్పుడు బావుందనుకున్నా కానీ చెయ్యడం ఎంత కష్టమో, ఊపులో ఉన్నప్పుడు ఆపడానికి మనసొప్పదు, ఉన్నదంతా ఊడ్చి రాసేసి మర్నాడు పొద్దున ఖాళీ బుర్రతో కూర్చునేదాన్ని. ఇప్పుడు వాక్యం మధ్యలో ఆపేస్తున్నా. నిజంగా సగం వాక్యంలో. మర్నాడు కూర్చోగానే కనీసం ఆ సగం పూర్తి చెయ్యాలి కదా, అది చేసేసరికి ఇంకోటి వస్తుంది.

మెయిల్ సంగతి వేరే చెప్పాలి. రాయడానికి కూర్చునే ముందు ఆఫీస్ మెయిల్ ఒక్కసారి చూసి, అర్జెంట్ ఏం లేదని తేల్చుకుని మొదలుపెట్టేదాన్ని, ఒక్క నిమిషమే కదా అని. నోట్‌బుక్ చూస్తే ఆ రోజుల్లోనే ఎంట్రీలు ఎక్కువ. సోఫీ లెరాయ్ అనే ఆవిడ 2009లో దీని మీదే పరిశోధన రాసింది, ఒక పని పూర్తవకుండా ఇంకో పనిలోకి వెళ్తే మన ధ్యాసలో కొంత ముక్క పాత పని దగ్గరే ఉండిపోతుందని. నా విషయంలో అచ్చంగా అదే, చూసేది ఒక నిమిషమే, కానీ జవాబు ఇవ్వాల్సిన మెయిల్ ఒకటి కనపడితే చాలు, నా కథలో కూతురు తలుపు కొడుతుంటే నా బుర్ర అక్కడ "డియర్ సర్" అని మొదలెట్టేస్తుంది. అందుకని రాత అయ్యేదాకా మెయిల్ లేదు. రాత్రంతా ఆగిన మెయిల్ ఇంకో నలభై నిమిషాలు ఆగగలదు.

పనికిరానివి కూడా చెప్తా. టమాటా ఆకారంలో ఉన్న కిచెన్ టైమర్‌తో ఫ్రాంచెస్కో సిరిల్లో 1980ల చివర్లో మొదలెట్టిన పోమొడోరో పద్ధతి ఉంది కదా, 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, అది నాకు రాతలో అస్సలు పడలేదు. నాకు కథ అందడానికే ఇరవై నిమిషాలు పడుతుంది, అందగానే గంట కొడుతుంది, ఒళ్ళు మండేది. ఎడిటింగ్‌కి మాత్రం బానే ఉంది, విసుగొచ్చే పని కదా, గంట ఎప్పుడు కొడుతుందా అని చూస్తూ చెయ్యచ్చు. పాతకాలపు ఇంగ్లీషు నవలా రచయిత ఆంథొనీ ట్రోలోప్ పద్ధతి కూడా ప్రయత్నించా. ఆయన పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూ పొద్దున్న ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, ఎదురుగా గడియారం పెట్టుకుని ప్రతి పావుగంటకీ 250 మాటలు రాసేవాడట, మొత్తం 47 నవలలు. నాకు మొదటి పావుగంటలో ముప్పై ఒక్క మాటలొచ్చాయి, ఆ పూటకి గడియారాన్ని గోడకి తిప్పి పెట్టేశా. అయినా ఆ ఇంగ్లీషు లెక్కలు మనకెలా సరిపోతాయి, వాళ్ళు నాలుగు మాటల్లో చెప్పేది మనం "వెళ్ళిపోదామనుకున్నా" అని ఒక్క మాటలో అంటుకుపోయేలా రాస్తాం. చివరికి నేను పెట్టుకున్నది వారానికి ఐదు రోజులు, రోజుకి 300 మాటలు లేదా నలభై నిమిషాలు, ఏది ముందైతే అది.

ఇంట్లోవాళ్ళ సంగతి. నేను గోడకేసి చూస్తూ ఉంటే మా ఆయన వచ్చి "ఖాళీయేనా?" అనేవాడు. తప్పు ఆయనది కూడా కాదు, చూసేవాళ్ళకి ఖాళీగానే కనపడతాను మరి. గోడకేసి చూడటం కూడా రాతలో భాగమే అని ఒప్పించడానికి ఒక నెల పట్టింది. పాపకి అయితే ఒక గుర్తు చెప్పా, చెవి మీద పెన్సిల్ ఉంటే అమ్మ ఇంట్లో లేనట్టే, దెబ్బ తగిలితే తప్ప పిలవకూడదు అని. రెండ్రోజులు బానే ఉంది. మూడో రోజు తలుపు దగ్గర నిలబడి చాలాసేపు నన్ను చూసి, మెల్లిగా, "అమ్మా, నువ్వు ఎప్పుడొస్తావు?" అంది. ఆ రోజు నోట్‌బుక్‌లో ఎంట్రీ: 6:26, పాప. ఆఖరి మాట రాయలేదు. ఇలాంటివాటిని డిస్ట్రాక్షన్ లెక్కలో వెయ్యకూడదని అప్పుడే నిర్ణయించుకున్నా.

నాలుగో నెలలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. మొదటి మూడు చాప్టర్లు ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశా. ఇక చూస్కోండి, ఎవరు చదివారు, ఎవరికి నీలం టిక్కులు పడ్డాయి, పడినా ఎందుకు ఏం అనలేదు, ఒకరు చప్పట్ల బొమ్మ పెట్టారు, చదివి పెట్టారా చదవకుండా పెట్టారా, ఇదే పని. రెండు వారాలు ఒక్క లైన్ రాయలేదు. ఒకావిడ మాత్రం నిజంగా చదివి హీరోయిన్ పాత పేరే బావుందంది, నేను మార్చబోయాను కూడా, మార్చితే ఐదోసారి అయ్యేది. పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించకూడదని ఆ దెబ్బతో తెలిసొచ్చింది.

మార్చిలో ఆ నోట్‌బుక్ మొదలుపెడితే నవంబర్ చివర్లో డ్రాఫ్ట్ అయింది. 179 సార్లు కూర్చున్నా, దాదాపు 41 వేల మాటలు, అంటే సగటున కూర్చున్నప్పుడల్లా 229. నేను పెట్టుకున్న 300 కంటే తక్కువే. సున్నా రాసిన రోజులు కూడా పద్నాలుగున్నాయి అందులో.

ఆ తండ్రి బ్రాకెట్ దగ్గరికి మళ్ళీ వచ్చింది అక్టోబర్‌లో. అప్పటికి నవల మిగతాదంతా రాసేశా కాబట్టి ఆయన ఎలాంటి మనిషో నాకు తెలుసు. ఆయన ఏమీ అనడు. తలుపు తీస్తాడు, చూస్తాడు, వరండాలో లైటు వేసి, తలుపు తెరిచే ఉంచి లోపలికెళ్ళిపోతాడు. మూడు లైన్లు, ఆరేడు నిమిషాల పని. ఏడు నెలల కింద ఆ గుమ్మం ముందు కూర్చుని ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగానో.

ఇప్పుడు రెండో డ్రాఫ్ట్ నడుస్తోంది, నోట్‌బుక్‌లో పేజీలైపోతే ఇంకోటి తెచ్చుకున్నా. ఇవాళ ఎంట్రీలు రెండు. ఒకటి కొరియర్ బెల్లు. రెండోది 6:40, నీళ్ళు. ఇవాళ మాత్రం నిజంగానే దాహం వేసింది.