ఫోను ఎవరిది, ఖాతా ఎవరిది: పిల్లల కోసం నియంత్రణ సాఫ్ట్‌వేర్ ఎంపిక

పిల్లల కోసం ఏ పేరెంటల్ కంట్రోల్ యాప్ మంచిదని అడిగే బంధుమిత్రులను నేను ముందుగా అడిగేది ఒక్కటే: పిల్లలు వాడుతున్న ఫోను ఎవరిది? ఈ సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం ఒక్కో పిల్లవాడికి ఒక్కో ఫోను, ఆ ఫోనులో వాడి పేరుతోనే ఒక ఖాతా ఉంటాయన్న లెక్కతో తయారయ్యాయి. మన ఇళ్లలో సాధారణంగా అలా ఉండదు. స్కూలు వాళ్లు పంపే హోంవర్క్ అమ్మ వాట్సాప్‌కు వస్తుంది, కార్టూన్లు నాయనమ్మ ఫోనులో నడుస్తాయి, హాల్లోని కంప్యూటర్ ఇంటిల్లిపాదిదీ. అందువల్ల ఏ యాప్ కొనాలన్న ఆలోచనకన్నా ముందు ఎవరి ఖాతాతో ఎవరు ఏ పరికరం వాడుతున్నారో తేల్చుకోవడం అవసరమని నా గట్టి నమ్మకం.

మా ఇంట్లో 14 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల అబ్బాయి ఉన్నారు. అమ్మాయికి సొంత ఆండ్రాయిడ్ ఫోను ఉంది, అబ్బాయి వాళ్ల నాయనమ్మ ఫోను పట్టుకుంటాడు, మావారిది ఐఫోను, అందరికీ కలిపి ఒక విండోస్ కంప్యూటర్. ఇలా కలగలుపుగా ఉన్న ఇంటికి ఒకే ఉచిత సాధనం సరిపోదు. గూగుల్ వారి ఫ్యామిలీ లింక్‌ను తల్లిదండ్రులు ఐఫోను నుంచి కూడా నడపవచ్చు కానీ, పిల్లల చేతిలో ఉన్నది ఐఫోను అయితే దాన్ని అది అదుపు చేయలేదు. యాపిల్ 2018లో ఐఓఎస్ 12తో తెచ్చిన స్క్రీన్ టైమ్ ఆండ్రాయిడ్ జోలికి రాదు. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉంది. ఈ మూడూ ఉచితమే, పైగా ఆయా కంపెనీలు స్వయంగా తయారు చేసినవి కనుక ఫోను లోతుల్లోకి వెళ్లే అధికారం వాటికి సహజంగానే ఉంటుంది. డబ్బు పెట్టి కొనే యాప్‌ల గురించి ఆలోచించవలసింది వీటిని అమర్చాక ఇంకా ఏదైనా లోటు మిగిలితేనే.

కంప్యూటర్ దగ్గర అసలు కిటుకు ఖాతాలోనే ఉంది. పిల్లలకు విడిగా మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, దాన్ని సెట్టింగ్స్ అన్నీ మార్చగల అడ్మినిస్ట్రేటర్‌గా కాకుండా మామూలు వాడకందారుగా ఉంచి, పెద్దల ఖాతాకు పిల్లలకు తెలియని పాస్‌వర్డ్ పెట్టాలి. ఆ పని చేయకుండా ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ వేసినా పిల్లలు దాన్ని తీసి పక్కన పెట్టగలరు. ఫ్యామిలీ సేఫ్టీలో వెబ్ వడపోత ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, అందుకే అది ఆన్ చేయగానే క్రోమ్ వంటి ఇతర బ్రౌజర్లు ఆ ఖాతాలో తెరుచుకోకుండా ఆగిపోతాయి. ఈ సంగతి ముందే తెలియకపోతే కంప్యూటర్ పాడైందని కంగారు పడతారు.

అన్నిటికంటే చిక్కు నాయనమ్మ ఫోనుతో వస్తుంది. అందులో ఉన్నది పెద్దావిడ ఖాతా, అందువల్ల ఫ్యామిలీ లింక్‌కు అక్కడ చోటు లేదు. అలాంటి ఫోనుకు చిన్న చిన్న తాళాలు మూడు నాలుగు కలిపి వేయాలి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో వయసు పరిమితికి పిన్ పెట్టవచ్చు, ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా చేయవచ్చు. పిల్లవాడికి ఒక్క వీడియో చూపించేటప్పుడు తెరపై ఆ ఒక్క యాప్‌నే నిలిపి ఉంచే యాప్ పిన్నింగ్ వాడి, బయటకు రావాలంటే పిన్ అడిగేలా పెడితే, ఫోను లాక్ తెలియకుండా ఆ యాప్ నుంచి బయటకు రాలేడు. ఐఫోనులో ఇదే పనికి గైడెడ్ యాక్సెస్ ఉంది. చెల్లింపుల యాప్‌లు ఉన్న ఫోనును పిల్లల చేతికి ఇచ్చే ప్రతి ఇంట్లో ఈ ఒక్క అలవాటైనా ఉండాలని నేను అందరికీ నొక్కి చెబుతాను.

దీనికి తోడు డీఎన్‌ఎస్ వడపోత ఉంది. డీఎన్‌ఎస్ అంటే మనం కొట్టిన సైటు పేరుకు ఇంటర్నెట్‌లో చిరునామా వెతికిపెట్టే వ్యవస్థ, చెడ్డ సైట్లను అక్కడే ఆపడం ఈ వడపోత పని. క్లౌడ్‌ఫ్లేర్ 2020లో కుటుంబాల కోసం తెచ్చిన 1.1.1.3 అనే చిరునామాను ఇంటి వైఫై రౌటర్‌లో పెడితే, అశ్లీల సైట్లూ హానికర సైట్లూ ఇంట్లోని అన్ని పరికరాల్లో ఆగిపోతాయి, దానికి ఖర్చేమీ లేదు. అయితే వైఫై ఆపి మొబైల్ డేటాకు మారిన క్షణంలో రౌటర్ కాపలా ముగిసిపోతుంది. చవక డేటా ఉన్న మన దేశంలో ఇది చిన్న కన్నం కాదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్‌ఎస్ సెట్టింగ్ ఆ కన్నాన్ని పూడుస్తుంది, ఎందుకంటే అది మొబైల్ డేటాలోనూ పనిచేస్తుంది. ఆ గడిలో అంకెలు కొడితే తీసుకోదు, సంస్థ ఇచ్చే పేరుతో ఉన్న చిరునామా రాయాలి. ఇంత చేసినా యూట్యూబ్ లోపల ఏ వీడియో వస్తుందన్నది డీఎన్‌ఎస్‌కు కనిపించదు, అందుకు యూట్యూబ్ కిడ్స్‌నో, పర్యవేక్షణలో ఉండే ఖాతానో ఆశ్రయించాలి.

ఇక డబ్బు కట్టే యాప్‌ల విషయం. క్వస్టోడియో వంటివి విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్లను ఒకే చోట చూపిస్తాయి, పరికరాలు ఎక్కువగా ఉన్న ఇంటికి ఆ సౌలభ్యం విలువైనదే. అయితే ఐఫోనులో బయటి యాప్‌లకు యాపిల్ ఇచ్చే అధికారాలు పరిమితం కనుక, ప్రకటనలో చూపిన సదుపాయాలన్నీ అక్కడ ఉంటాయని అనుకోకూడదు. పిల్లల సందేశాలు చదివి ప్రమాదాన్ని పసిగడతామనే యాప్‌ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. మన పిల్లలు మాట్లాడుకునేది ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, దాన్ని ఆ యాప్ ఏ మేరకు అర్థం చేసుకుంటుందో ట్రయల్ కాలంలోనే నాలుగు వాక్యాలు రాసి పరీక్షించి, ఆ తర్వాతే ఏడాది చందా కట్టాలి.

పిల్లలకు తెలియకుండా దాగి ఉంటామని చెప్పుకునే యాప్‌లను నేను ఇంట్లోకి రానివ్వను. ప్లే స్టోర్‌లో దొరకకుండా, హానికర యాప్‌లను పసిగట్టే గూగుల్ రక్షణ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపేసి ఇన్‌స్టాల్ చేసుకోమనే యాప్ ఏదైనా సరే తిరస్కరించదగినదే. 2018లో టీన్‌సేఫ్ అనే పర్యవేక్షణ యాప్ సర్వర్ల నుంచి పిల్లల యాపిల్ ఐడీలూ పాస్‌వర్డ్‌లూ బయటపడ్డాయి. పైగా ఆ యాప్ పనిచేయాలంటే రెండంచెల భద్రతను ఆపివేయవలసి ఉండేది. కాపాడటానికి తెచ్చుకున్నదే పిల్లల వివరాలను వీధిలో పెట్టింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే పరిగణించి, వారి డేటా వాడకానికి తల్లిదండ్రుల అంగీకారం కావాలంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం ఆలోచించకుండా నొక్కే బటన్‌తో పిల్లల తరఫున ఆ అంగీకారం ఇచ్చేస్తున్నామన్నది గుర్తుంచుకోవాలి.

మా అమ్మాయి ఫోనులో ఫ్యామిలీ లింక్ సెట్టింగ్స్‌ను ఆమెను పక్కన కూర్చోబెట్టుకునే పెట్టాను. రాత్రి 10 గంటలకు ఫోను ఆగిపోతుంది, కొత్త యాప్‌కు నా అనుమతి కావాలి, తానెక్కడుందో నాకు కనిపిస్తుంది. తన చాట్‌లు మాత్రం నేను చదవను. రికార్డు పని పూర్తి కానప్పుడు, "అమ్మా, ఇంకో అరగంట ఇవ్వవా, బొమ్మల లేబుళ్లు మిగిలాయి" అని గది నుంచి కేకేస్తుంది, నేను వంటింట్లోంచే సమయం పెంచుతాను. 13 దాటిన పిల్లల ఖాతాకు కొత్తగా పర్యవేక్షణ పెట్టాలంటే గూగుల్ కూడా వారి సమ్మతి అడుగుతుంది, కనుక ఆ వయసు దాటాక మొదలుపెట్టే తల్లిదండ్రులకు ఈ మాటామంతీ ఎలాగూ తప్పదు. పదో తరగతి పరీక్షలు అయ్యాక రాత్రి పరిమితిని మళ్లీ చర్చించుకుందామని ఇద్దరం ఒప్పుకున్నాం. లొకేషన్ మాత్రం కాలేజీలో చేరేదాకా ఉంటుందని ఇప్పుడే చెప్పేశాను.